వాయు ఘనపరిమాణంతో ఆమ్ల గాఢత నిర్ధారణ (ద్వారక, ఢిల్లీ పరిస్థితుల ఉదాహరణతో)

నిర్వచనం

గాఢత తెలియని ఆమ్లాన్ని లోహంతోనో కార్బొనేటుతోనో పూర్తిగా చర్య జరిపించి, వెలువడిన వాయువును కొలిచి, ఆదర్శ వాయు సమీకరణం సాయంతో ఆ వాయువు ఎన్ని మోల్‌లో లెక్కగట్టి, అందులోంచి ఆమ్లం మోలారిటీని రాబట్టే విధానాన్ని వాయు ఘనపరిమాణ పద్ధతి అంటారు. అంశమాపనంలో బ్యూరెట్టులోంచి దిగిన క్షారాన్ని కొలుస్తారు, ఇక్కడ చర్యలో పుట్టిన వాయువును కొలుస్తారు. సూచిక రంగు మారడం కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. దానికి బదులు ఆ గదిలో ఆ పూట ఉన్న ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం తెలిసి ఉండాలి. ఈ రెండూ ఊరినిబట్టీ రుతువునుబట్టీ మారతాయి కాబట్టి, ఈ వ్యాసంలో లెక్కలను ఢిల్లీ నైరుతి భాగంలోని ద్వారక పరిస్థితులకు అన్వయించి చూపడమైంది.

ద్వారక: స్థానిక నేపథ్యం

ద్వారక ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ సెక్టార్లుగా విభజించి కట్టిన ఉపనగరం. ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం దీని పొరుగునే ఉంది. సెక్టార్ 3లో నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. 1983లో ఢిల్లీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలైన ఈ సంస్థ 2018లో విశ్వవిద్యాలయమైంది. 1998లో ఏర్పడిన గురు గోవింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం సెక్టార్ 16సీలో ఉంది. దేశమంతటా తన అనుబంధ పాఠశాలల్లో సైన్సు ప్రయోగాల జాబితాను నిర్ణయించే కేంద్ర మాధ్యమిక విద్యా మండలి, అంటే సీబీఎస్‌ఈ, కార్యాలయ సముదాయం సెక్టార్ 23లో ఉంది.

ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు దగ్గరి ఆనవాలు పక్కనే ఉన్న జనక్‌పురి. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో ఒకటి అక్కడ నడుస్తోంది.

సీబీఎస్‌ఈ పదో తరగతి పిల్లలు జింకు ముక్కల మీద సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, వచ్చిన హైడ్రోజన్‌ను సబ్బు నీటిలోకి పంపి, బుడగ దగ్గర కొవ్వొత్తి పెట్టి 'టప్' మనే చప్పుడు వింటారు. పదకొండో తరగతిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢతను సోడియం కార్బొనేటు ద్రావణంతో అంశమాపనం చేసి కనుక్కుంటారు. ఆ కుప్పెలో కార్బన్ డయాక్సైడ్ పుడుతూనే ఉంటుంది గాని, దాన్నెవరూ కొలవరు, గాలిలో కలిసిపోతుంది. ఆ వాయువును పట్టి కొలిస్తే అదే ఈ వ్యాసపు విషయం. 2022లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) పాఠ్యభాగాలను కుదించినప్పుడు పదకొండో తరగతి రసాయన శాస్త్రంలోని 'పదార్థ స్థితులు' అధ్యాయాన్ని తీసేసింది. ఆదర్శ వాయు సమీకరణం భౌతిక శాస్త్రంలో, వాయువుల అణుచలన సిద్ధాంతం కింద మిగిలింది. సమీకరణం ఒక పుస్తకంలో, ఆమ్లం ఇంకో పుస్తకంలో పడ్డాక రెంటినీ కలిపే ఇలాంటి ప్రయోగం అవసరం తగ్గలేదు సరికదా, పెరిగింది.

చరిత్ర

లోహం మీద ఆమ్లం పోస్తే వచ్చే 'మండే గాలి'ని సేకరించి, కొలిచి, వేరే పదార్థంగా గుర్తించినవాడు హెన్రీ కావెండిష్. 1766లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రాల్లో ఆయన జింకు, ఇనుము, తగరాల నుంచి ఎంతెంత వాయువు వస్తుందో వివరించాడు. ఆయన ప్రయోగాల్లో ఆమ్లం సమృద్ధిగా ఉండేది, అందువల్ల వాయువు పరిమాణాన్ని లోహమే నిర్ణయించింది. ఆమ్లం గాఢత కనుక్కోవాలంటే దీన్ని తిరగేసి, లోహాన్ని సమృద్ధిగా ఉంచి, ఆమ్లమే ముందుగా అయిపోయేలా చూడాలి.

వాయువు కొలతను మోల్‌ల లెక్కగా మార్చే సూత్రం ఒక్కరోజులో రాలేదు. పీడనం, ఘనపరిమాణాల విలోమ సంబంధాన్ని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. ఉష్ణోగ్రతతో వాయువులు వ్యాకోచించే తీరును జాక్ చార్లెస్ 1787 ప్రాంతంలో గమనించినా ప్రచురించలేదు. 1802లో గే-లుసాక్ ఆ నియమాన్ని ప్రకటిస్తూ చార్లెస్‌కు ఆ గౌరవం ఇచ్చాడు. వాయు మిశ్రమంలో ప్రతి వాయువూ తన పాక్షిక పీడనాన్ని విడిగా చూపుతుందని జాన్ డాల్టన్ అదే కాలంలో చెప్పాడు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయన్న అవొగాడ్రో ప్రతిపాదన 1811 నాటిది. విడివిడిగా ఉన్న వాయు నియమాలను ఎమీల్ క్లాపెరాన్ 1834లో ఒకే సమీకరణంగా కూర్చాడు.

వాయు విశ్లేషణను శాస్త్రంగా నిలబెట్టిన గ్రంథం రాబర్ట్ బున్సెన్ 1857లో వెలువరించింది. ఆమ్లం గాఢతను వాయువు ద్వారా తేల్చే పద్ధతి పరిశ్రమలోకి వచ్చింది మాత్రం నైట్రిక్ ఆమ్లం ద్వారానే. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సమక్షంలో నైట్రిక్ ఆమ్లాన్ని పాదరసంతో కుదిపితే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు వస్తుందన్న సంగతిని వాల్టర్ క్రమ్ 1847లో విశ్లేషణకు వాడాడు. జ్యూరిక్‌లో ఆచార్యుడిగా పనిచేసిన జార్జ్ లుంగే 1870ల చివర దీనికోసం నైట్రోమీటర్ అనే పరికరాన్ని రూపొందించాడు. సల్ఫ్యూరిక్ ఆమ్లం, పేలుడు పదార్థాల కర్మాగారాల్లో అది చాలాకాలం నిత్యం వాడే సాధనంగా ఉండేది. పాదరసం విషపూరితం కావడం వల్ల ఈ పరికరం ఇప్పుడు దాదాపు వాడుకలో లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతి వైద్యంలోకీ వచ్చింది. డోనాల్డ్ వాన్ స్లైక్ ఎమైనో ఆమ్లాలను నైట్రస్ ఆమ్లంతో చర్య జరిపించి, వచ్చిన నైట్రోజన్‌ను కొలిచి వాటి పరిమాణాన్ని తేల్చాడు. రక్తం ప్లాస్మాలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే ఆయన పరికరం 1917లో వెలువడింది. మధుమేహ రోగుల రక్తంలో ఆమ్లత్వం ఏ మేరకు పెరిగిందో వైద్యులు అంచనా కట్టడానికి అది ఎంతో తోడ్పడింది.

సిద్ధాంతం

ఆదర్శ వాయు సమీకరణం ఇది:

పీ × వీ = ఎన్ × ఆర్ × టీ

ఇందులో 'పీ' వాయువు పీడనం, 'వీ' ఘనపరిమాణం, 'ఎన్' మోల్‌ల సంఖ్య, 'టీ' కెల్విన్‌లలో పరమ ఉష్ణోగ్రత. 'ఆర్' సార్వత్రిక వాయు స్థిరాంకం, దాని విలువ మోల్‌కు, కెల్విన్‌కు 8.314 జౌళ్లు. పీడనాన్ని కిలోపాస్కల్‌లలో, ఘనపరిమాణాన్ని లీటర్లలో తీసుకుంటే ఇదే అంకె సరిపోతుంది.

రెండో ఆధారం చర్యా సమీకరణం:

మెగ్నీషియం + 2 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → మెగ్నీషియం క్లోరైడ్ + హైడ్రోజన్

ఒక మోల్ హైడ్రోజన్ వచ్చిందంటే రెండు మోల్‌ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఖర్చయిందన్నమాట. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అణువుకు రెండు హైడ్రోజన్‌లు ఉండడం వల్ల ఒక మోల్ ఆమ్లానికి ఒక మోల్ వాయువు వస్తుంది. సోడియం బైకార్బొనేటుతో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిస్తే మోల్‌కు మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ నిష్పత్తిని పొరబడితే జవాబు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

నీటి మీద సేకరించిన వాయువులో నీటి ఆవిరి కలిసి ఉంటుంది. అందువల్ల డాల్టన్ నియమం ప్రకారం వాతావరణ పీడనంలోంచి ఆ ఉష్ణోగ్రత వద్ద నీటి బాష్ప పీడనాన్ని తీసేసి, మిగిలినదాన్నే 'పీ'గా తీసుకోవాలి (చూడండి: పాక్షిక పీడనాల నియమం).

బలహీన ఆమ్లాల విషయంలో ఈ పద్ధతి ఏం కొలుస్తుందో తెలుసుకోవాలి. వినెగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం నీటిలో కొద్దిగానే అయనీకరణం చెందుతుంది. కాని లోహం హైడ్రోజన్ అయాన్లను లాక్కుంటున్నకొద్దీ మిగతా అణువులూ అయనీకరణం చెందుతూ చివరికంతా చర్యలో పాల్గొంటుంది. కాబట్టి ఇక్కడ తేలేది మొత్తం ఆమ్లం గాఢత, పీహెచ్ మీటరు చూపే అయాన్ల గాఢత వేరు. మన ఆహార ప్రమాణాల ప్రకారం వినెగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలి, మోలారిటీలో చెబితే దాదాపు 0.62. సీసా మీది మాట నిజమో కాదో చూడడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. చర్య నెమ్మదిగా సాగుతుంది కనుక ఓపిక కావాలి.

రకాలు

*లోహంతో హైడ్రోజన్.* మెగ్నీషియం తీగ త్వరగా కరుగుతుంది, జింకు నెమ్మది. జింకు ముక్కల మీద ఒకటి రెండు చుక్కల కాపర్ సల్ఫేట్ ద్రావణం వేస్తే వేగం పుంజుకుంటుంది. తీగ మీద తెల్లటి ఆక్సైడ్ పొర ఉంటే అది ఆమ్లాన్ని తినేస్తుందే తప్ప వాయువునివ్వదు, జవాబు తక్కువ వస్తుంది. అందుకే గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి.

*కార్బొనేటుతో కార్బన్ డయాక్సైడ్.* వంటసోడా ఇంటింటా దొరుకుతుంది, మంట ప్రమాదం లేదు. చిక్కల్లా ఈ వాయువు నీటిలో కరగడమే. 25 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనంలో, లీటరు నీటిలో 0.03 మోల్‌కు కాస్త పైనే కరుగుతుంది. చర్యలో 4.5 మిల్లీమోల్‌ల వాయువు పుడితే, దానికి తగిలే 50 మిల్లీలీటర్ల నీరు ఒకటిన్నర మిల్లీమోల్ దాకా మింగేయగలదు, అంటే మూడో వంతు. వాయు సిరంజిలో పట్టడం, ముందే కార్బన్ డయాక్సైడ్‌తో సంతృప్తం చేసిన ఉప్పునీటి మీద సేకరించడం దీనికి విరుగుళ్లు. హైడ్రోజన్‌కు ఈ బెడద లేదు, లీటరు నీటిలో ఒక మిల్లీమోల్ కూడా కరగదు.

*పీడన పద్ధతి.* మూత బిగించిన గట్టి కుప్పెలో ఘనపరిమాణాన్ని మారనివ్వకుండా పీడనం పెరుగుదలను సెన్సర్‌తో కొలుస్తారు. కుప్పెలో గాలికి 250 మిల్లీలీటర్ల చోటు ఉండి, వేసవి గదిలో 2.27 మిల్లీమోల్‌ల హైడ్రోజన్ పుడితే పీడనం 23 కిలోపాస్కల్‌లు పెరుగుతుంది. కుప్పెలో మొదటి నుంచీ నీటి ఆవిరి నిండి ఉంటే, మలి పీడనంలోంచి తొలి పీడనాన్ని తీసేసినప్పుడు ఆవిరి లెక్క తనంతట తానే పోతుంది. ఇది ఈ పద్ధతికున్న పెద్ద సుగుణం.

*వాయువే ఆమ్లమైనప్పుడు.* ఫౌంటెన్ ప్రయోగంలో పొడి హైడ్రోజన్ క్లోరైడ్ నింపిన కుప్పెలోకి నీరు చివ్వున ఎగజిమ్మి, ఆ వాయువునంతా కరిగించుకుంటుంది. కుప్పె పూర్తిగా నిండితే ఏర్పడే ఆమ్లం మోలారిటీ పీడనాన్ని 'ఆర్ × టీ'తో భాగిస్తే వచ్చే అంకె. కుప్పె చిన్నదైనా పెద్దదైనా అది మారదు. ద్వారకలో మే నెల మధ్యాహ్నం 0.038, జనవరి ఉదయం 0.042 వస్తుంది.

పరికరాలు, నడిచే తీరు

శాంకవ కుప్పె, రెండు రంధ్రాల రబ్బరు బిరడా, ఒక రంధ్రంలో ఆమ్లం ఎక్కించే సిరంజి, రెండో దాంట్లోంచి వాయు బ్యూరెట్టుకు పోయే గొట్టం ఉంటే పని నడుస్తుంది. వాయు సిరంజి లేని బడుల్లో కొలజాడీని నీటితో నింపి తొట్టిలో బోర్లిస్తారు.

కుప్పెలో మెరిసే మెగ్నీషియం తీగ 0.1 గ్రాము వేసి, బిరడా బిగించి, గొట్టాల్లో ఎక్కడా కారడం లేదని చూసుకుని, సిరంజితో 10.0 మిల్లీలీటర్ల ఆమ్లం లోపలికి పంపుతారు. తీగ చుట్టూ బుడగలు ముసురుకుంటాయి, తీగ తెప్పలా పైకి తేలుతుంది, కుప్పె అడుగు చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మెగ్నీషియం, ఆమ్లాల చర్యలో మోల్‌కు సుమారు 467 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. దిగువ ఉదాహరణలోని పరిమాణాలకు ఆ వేడి అంతా 10 మిల్లీలీటర్ల ద్రవంలోనే నిలిస్తే ఉష్ణోగ్రత 25 డిగ్రీల దాకా పెరుగుతుంది. చల్లారకముందే కొలత తీస్తే వాయువు ఉబ్బి ఎక్కువ చూపిస్తుంది. కుప్పె గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. అలాగని గంటలకొద్దీ వదిలేసినా కుదరదు, ఆమ్లం అయిపోయాక మెగ్నీషియం నీటితో కూడా మెల్లగా చర్య జరిపి ఇంకాస్త హైడ్రోజన్ ఇస్తుంది.

కొలత తీసేముందు బ్యూరెట్టు లోపలి, బయటి నీటి మట్టాలను సమం చేయాలి. మట్టాల్లో 10 సెంటీమీటర్ల తేడా ఉంటే పీడనంలో దాదాపు ఒక కిలోపాస్కల్, అంటే జవాబులో సుమారు ఒక శాతం తేడా పడుతుంది. ఇంకొకటి, సిరంజిలోంచి దిగిన 10 మిల్లీలీటర్ల ఆమ్లం కుప్పెలోని గాలిని అంతే మేరకు బయటికి నెడుతుంది. దాన్ని మొత్తం కొలతలోంచి తీసేయాలి.

ఒక గణన

మే నెలలో ద్వారకలోని ఒక ప్రయోగశాలలో గది ఉష్ణోగ్రత 33 డిగ్రీలు, వాతావరణ పీడనం 97.6 కిలోపాస్కల్‌లు అనుకుందాం. బ్యూరెట్టు 72.4 మిల్లీలీటర్లు చూపింది. ఆమ్లం నెట్టిన 10.0 తీసేస్తే హైడ్రోజన్ 62.4 మిల్లీలీటర్లు. 33 డిగ్రీల వద్ద నీటి బాష్ప పీడనం 5.03 కిలోపాస్కల్‌లు.

పొడి హైడ్రోజన్ పీడనం = 97.6 − 5.03 = 92.57 కిలోపాస్కల్‌లు

పరమ ఉష్ణోగ్రత = 33 + 273.15 = 306.15 కెల్విన్‌లు

హైడ్రోజన్ మోల్‌లు = (92.57 × 0.0624) ÷ (8.314 × 306.15) = 0.00227

హైడ్రోక్లోరిక్ ఆమ్లం మోల్‌లు = 2 × 0.00227 = 0.00454

గాఢత = 0.00454 ÷ 0.0100 = 0.454 మోలార్

ఇదే ఆమ్లాన్ని, ఇదే పరిమాణంలో, జనవరి ఉదయం తీసుకుందాం. గది 12 డిగ్రీలు, పీడనం 99.2 కిలోపాస్కల్‌లు, నీటి బాష్ప పీడనం 1.40. అప్పుడు వచ్చే హైడ్రోజన్ 55.0 మిల్లీలీటర్లే. ఆమ్లం మారలేదు, లోహం మారలేదు. వాయువు ఘనపరిమాణం మాత్రం ఎండాకాలంలో చలికాలం కంటే 13 శాతం ఎక్కువ.

స్థానిక పీడనం

ఢిల్లీ సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, పక్కనున్న విమానాశ్రయం ఎత్తు సుమారు 237 మీటర్లు. ఆ ఎత్తువల్ల వాతావరణ పీడనం సముద్ర తీరంకంటే రెండున్నర కిలోపాస్కల్‌ల దాకా తక్కువ. వేసవిలో వాయవ్య భారతం మీద ఏర్పడే అల్పపీడనం దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. ఫోన్లలో కనిపించే వాతావరణ సమాచారం, విమానాశ్రయ నివేదికలు ఇచ్చే పీడనం సాధారణంగా సముద్ర మట్టానికి సరిదిద్దినది. విమాన చోదకులకూ వాతావరణ శాస్త్రజ్ఞులకూ అదే కావాలి. ప్రయోగశాలకు కావలసింది ఆ గదిలో నిజంగా ఉన్న పీడనం. ఫోనులో 1002 హెక్టాపాస్కల్‌లు కనిపిస్తే ద్వారక గదిలో ఉన్నది 977 చుట్టుపక్కలే. గదిలోనే బారోమీటరు ఉంటే ఈ గొడవ ఉండదు. కొన్ని ఫోన్లలోని పీడన సెన్సర్ గదిలో ఉన్న పీడనాన్నే చూపుతుంది గనుక అదైనా నయమే.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ తేడా తక్కువేమీ కాదు. విశాఖపట్నం తీరాన 101 కిలోపాస్కల్‌ల చుట్టుపక్కల ఉండే పీడనం, 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో 95కు దిగుతుంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద, ఒకే ఆమ్లం నుంచి వచ్చే వాయువు హైదరాబాదులో ఆరు శాతానికి పైగా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

దోషాలు

పై మే నెల ఉదాహరణలో బాష్ప పీడనాన్ని తీసేయడం మరిచిపోతే జవాబు 0.479 వస్తుంది, 5 శాతం ఎక్కువ. జనవరిలో అదే మరుపు ఒకటిన్నర శాతం లోపు తేడాతో పోతుంది. 10 డిగ్రీల వద్ద 1.23 కిలోపాస్కల్‌లున్న నీటి బాష్ప పీడనం 40 డిగ్రీలకు 7.38కు చేరడమే కారణం. స్థానిక పీడనానికి బదులు పుస్తకంలోని 101.3 వాడితే 0.472 వస్తుంది. అన్నింటికంటే పెద్ద పొరపాటు 'ఒక మోల్ అంటే 22.4 లీటర్లు' అని కళ్లు మూసుకుని భాగించడం. అప్పుడు 0.557 వస్తుంది, దాదాపు 23 శాతం ఎక్కువ. ఆ 22.4 సున్నా డిగ్రీలకూ ఒక అట్మాస్ఫియర్‌కూ చెందిన అంకె, ద్వారక మే నెలకు దానితో సంబంధం లేదు. పైగా 1982 నుంచి ప్రమాణ పీడనాన్ని 100 కిలోపాస్కల్‌లుగా తీసుకోవాలని అంతర్జాతీయ రసాయన సంఘం సూచించింది, ఆ లెక్కన మోలార్ ఘనపరిమాణం 22.7 లీటర్లు.

వీటితో పోలిస్తే సమీకరణం 'ఆదర్శ' వాయువుకు చెందినది కావడం వల్ల వచ్చే దోషం లెక్కలోకి రానంత చిన్నది. సాధారణ పీడనంలో హైడ్రోజన్ ఆదర్శ ప్రవర్తన నుంచి తప్పేది ఒక శాతంలో పదో వంతు కంటే తక్కువ, కార్బన్ డయాక్సైడ్ అర శాతం మేర. ఫలితం చెడితే వెతకాల్సింది బారోమీటరు దగ్గర, థర్మామీటరు దగ్గర, బిరడా దగ్గర.

ఘనపరిమాణంలో 0.2 మిల్లీలీటరు, ఉష్ణోగ్రతలో అర డిగ్రీ, పీడనంలో 0.1 కిలోపాస్కల్, ఆమ్లం కొలతలో 0.02 మిల్లీలీటరు అనిశ్చితి ఉంటే జవాబులో మొత్తం అనిశ్చితి అర శాతం దగ్గర నిలుస్తుంది. బడి ప్రయోగశాలకు ఇది మంచి ఫలితం.

పరిమితులు, ఇతర పద్ధతులతో పోలిక

నైట్రిక్ ఆమ్లానికి లోహ పద్ధతి పనికిరాదు. అది ఆక్సీకరణి కావడంతో హైడ్రోజన్‌కు బదులు నైట్రోజన్ ఆక్సైడ్‌లు వస్తాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సల్ఫర్ డయాక్సైడ్‌ను ఇస్తుంది, దాన్ని ముందు పలుచన చేయాలి. దుకాణంలో దొరికే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు 12 మోలార్. దాన్ని నేరుగా వాడితే వాయువుతోపాటు ఆమ్లపు ఆవిరీ వచ్చి లెక్క తప్పుతుంది.

అంశమాపనం మామూలుగా ఇంతకంటే కచ్చితం, త్వరితం కూడా. అయితే రంగు కలిపిన ద్రావణాల్లో సూచిక మార్పు కంటికి ఆనదు. నీలిరంగు మరుగుదొడ్డి శుభ్రకాలు ఇందుకు ఉదాహరణ. వాయు పద్ధతికి రంగుతో పేచీ లేదు గాని, వాటిలోని సబ్బు పదార్థాల వల్ల వచ్చే నురగ బ్యూరెట్టులోకి ఎక్కకుండా చూసుకోవాలి.

ద్వారక మెట్రో స్టేషన్ల ముందు నిలిచే ఈ-రిక్షాల్లో చాలావాటికి లెడ్-ఆమ్ల బ్యాటరీలే ఆధారం. మెకానిక్కులు అందులోని సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని హైడ్రోమీటరుతో చూస్తారు. పూర్తిగా చార్జయిన బ్యాటరీలో సాపేక్ష సాంద్రత 1.28 దగ్గర ఉంటుంది, అది సుమారు 4.8 మోలార్‌కు సమానం. ఆ ఆమ్లాన్ని పదింతలు పలుచన చేసి 5 మిల్లీలీటర్లు తీసుకుంటే, మే నెల పరిస్థితుల్లో 66 మిల్లీలీటర్ల హైడ్రోజన్ రావాలి. హైడ్రోమీటరు చెప్పిన మాటను సరిచూడడానికి ఇది స్వతంత్రమైన సాక్ష్యం. రోజువారీ పనికి మాత్రం హైడ్రోమీటరే సులువు.

ఆమ్లాల అమ్మకం, నియంత్రణ

ఆమ్లం గాఢత ఒక ప్రయోగశాల అంకె మాత్రమే కాదు. 2022 డిసెంబరు 14న ద్వారక ప్రాంతంలో బడికి బయల్దేరిన 17 ఏళ్ల విద్యార్థిని మీద మోటారు సైకిలు మీద వచ్చినవారు ఆమ్లం చల్లారు. దాన్ని ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ద్వారా తెప్పించుకున్నట్టు పోలీసులు వెల్లడించారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన దాడి తెలుగువారి జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉంది. 2013లో భారత శిక్షాస్మృతిలో ఆమ్ల దాడికి 326ఏ, 326బీ సెక్షన్లు చేరాయి. అదే ఏడాది జూలై 18న సుప్రీంకోర్టు, కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాయకుండా దుకాణాల్లో ఆమ్లం అమ్మరాదని, గుర్తింపు పత్రం చూడాలని, 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదని ఆదేశించింది. ఆ ఆదేశం వచ్చి తొమ్మిదేళ్లు దాటాక ద్వారక ఘటన జరిగింది. ఆమ్లం ఇంత తేలిగ్గా చేతికి చిక్కడం క్షమించరానిది.

పాఠశాలలు కూడా ఆమ్లం ఎంత కొన్నదీ, ఎంత వాడిందీ నమోదు చేయాలి. ఈ వ్యాసంలోని ప్రయోగానికి అర మోలార్ ఆమ్లం పది మిల్లీలీటర్లు చాలు. గాఢ ఆమ్లం పిల్లల బల్ల మీదికి రావాల్సిన అవసరమే లేదు.

భద్రత

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా మండుతుంది. దగ్గర్లో దీపం, స్పిరిట్ లాంపు ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి. పీడన పద్ధతిలో పలుచని గాజు సీసా వాడరాదు. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీటితో చాలాసేపు కడగాలి.

ఫలితం నమోదు

గాఢతతోపాటు వాయువు ఘనపరిమాణం, గది ఉష్ణోగ్రత, గదిలో కొలిచిన వాతావరణ పీడనం, తీసేసిన బాష్ప పీడనం, వాడిన చర్యా నిష్పత్తి అన్నీ రికార్డు పుస్తకంలో రాయాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఫలితాన్ని ఇంకొకరు సరిచూడలేరు.